నూటికి తొంభై పాళ్లు ఖాళీ

నన్నంటే ఎలాగమ్మగారూ! సెలవు రోజున సారు మీ వంటింట్లో కుర్చీ వేసుక్కూర్చుని, మీరు ఎంతసేపు పని చేశారో ఎంతసేపు ఊరికే నిలబడ్డారో కనిపెడుతుంటే అది నా తప్పా? నేనా చెప్పాను ఆయనకి? పాలు పొంగేదాకా నిలబడ్డం కూడా పనేనని మీరు చెప్పొద్దూ మరి!

చెప్పారా? చెబితే ఏమన్నారు?

"అది పని కాదు, వేచి ఉండే సమయం" అన్నారా! అయ్యో దేవుడా. ఆ మాట... ఆ మాట మాత్రం నాదేనమ్మా. ఒప్పుకుంటాను. సర్వర్ గురించి చెబుతూ వాడాను. పని చేసే సమయం, ఖాళీ సమయం, డిస్కు కోసం వేచి ఉండే సమయం అని ఉంటాయండీ అని. ఆయన దాన్ని తీసుకెళ్లి మీ పాలగిన్నెకి తగిలిస్తారని నేను కలగన్నానా?

ముందు కూర్చోండి. ఆ కుర్చీలో కాదు, దానికి ఒక కాలు ఊగుతుంది. ఇటు. చలిగా ఉందా? ఈ గదింతే. ఈ ఏసీ మనుషుల కోసం కాదు, దానికోసం. అదిగో, మూల నల్ల పెట్టె, సర్వర్. మీకు సవతిలా దాపురించిందన్నారే ఇందాక, అదే. చూశారుగా, ఏముంది చెప్పండి దాన్లో అసూయపడ్డానికి! ఇది రాకముందు ఈ గదిలో సబ్బుపొడి బస్తాలు పెట్టేవాళ్లట. ఇప్పటికీ గట్టిగా ఊపిరి పీలిస్తే తుమ్మొస్తుంది.

నేనా? నేను దీన్ని చూసుకునే మనిషిని. సర్వర్ ఉద్యోగం. మా అత్తగారు ఇప్పటికీ నేను ఏదో హోటల్లో సర్వర్‌ననే అనుకుంటారు. చుట్టాలొస్తే "మా కోడలికి టిప్పులు బాగా వస్తాయి" అని గొప్పలు పోతారు. సరిదిద్దడం మానేశాను.

సరే, అసలు సంగతి వినండి. విన్నాక కూడా నాదే తప్పంటే, అనండి.

మీకు తెలియందేముంది, మీ లాండ్రీ ప్లాంటుకి ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ల దుప్పట్లు, ఆపరేషన్ గుడ్డలు, దిండు గలీబులు అన్నీ ఉతుక్కి వస్తాయి. ప్రతిదానికీ మూల చిన్న ట్యాగు కుట్టి ఉంటుంది. వ్యాన్ దిగగానే స్కానరు ఆ ట్యాగు చూసి కీచుమంటుంది. ఇది ఫలానా ఆస్పత్రిది, ఇది ఫలానా హోటల్‌ది అని ఈ పెట్టె చెబుతుంది. ఉతకడం, ఆరబెట్టడం, ఇస్త్రీ, మడత, మళ్లీ వ్యాను. ఏ గుడ్డ ఎక్కడుందో దీనికి తెలుసు. ఇది రాకముందు అదంతా సారు బుర్రలోనే ఉండేదటగా? ఆ, అదే విన్నాను.

గొడవెక్కడ మొదలైందంటే, పొద్దున్న వ్యాన్లు వచ్చే వేళకి సరిగ్గా ఇది మొరాయించేది. స్కానర్లు నోరు విప్పేవి కావు. బయట డ్రైవర్లు హారన్లు. లోపల ఇస్త్రీ అక్క వచ్చి ఈ తలుపు తన్నేది. ఆవిడ తెలుసుగా, ఇస్త్రీ హాలుకి పెద్ద, మామూలుగా మాట్లాడినా పోట్లాడుతున్నట్టుంటుంది. "ఏమ్మా, నీ పెట్టె నిద్ర లేచిందా లేదా?" అని ఒకటే కేక.

నేను పరిగెత్తుకొచ్చి చూసేసరికి మామూలుగా ఉండేది. డాక్టర్ని చూడగానే జ్వరం దిగిపోయే మనుషులుంటారే, అలాగ. మరి ఎలా పట్టుకోవడం?

అందుకని ఒక చిన్న ప్రోగ్రాం పెట్టానమ్మా. పది నిమిషాలకోసారి దానంతటదే లేచి సర్వర్ నాడి చూస్తుంది. బుర్ర ఎంత పని చేస్తోంది, ఎంత ఖాళీగా ఉంది, మెమరీ ఎంత నిండింది, డిస్కు దగ్గర ఎన్ని పనులు వరసలో నిలబడ్డాయి. చూసి, దాచిపెట్టి, మళ్లీ పడుకుంటుంది. ఎవరూ పిలవక్కర్లేదు, ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు. మనం అడిగితే అంతా కలిపి ఒక గీతగా గీసి చూపిస్తుంది. ఈ లోకంలో ఇంతకంటే అమాయకమైన ప్రోగ్రాం లేదు. ఒట్టు.

దొరికింది దొంగ! నాకంటే ముందున్నాయన ఎవరో, వివరాలన్నీ ఇంకో చోటికి కాపీ తీసే పనిని సరిగ్గా వ్యాన్లు వచ్చే వేళకే పెట్టి వెళ్లిపోయాడు. దాన్ని మధ్యాహ్నం భోజనాల వేళకి జరిపాను. అంతే. మర్నాటి నుంచి స్కానర్లు పిచ్చుకల్లా కీచుకీచు.

కథ అక్కడితో అయిపోవాలి కదా? కాలేదు. ఎందుకంటే నేను ఆ గీత పట్టుకెళ్లి సారుకి చూపించాను. చూపించనా మరి? పని చేశాక ఒక మంచిమాట కోసం చూడనివాళ్లెవరమ్మా!

సారు కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు. "ఈ తెల్లగా ఉన్నదంతా ఏంటి?" అన్నారు.

"ఖాళీ అండీ. అప్పుడు దానికి పనేం లేదన్నమాట. నూటికి తొంభై పాళ్లు ఖాళీగానే ఉంటుంది. అది మంచి లక్షణం."

"తొంభై పాళ్లు ఖాళీ!" అని లేచి నిలబడిపోయారు. ఇంట్లో దొంగ పడ్డాడని చెప్పినట్టు చూశారు నావైపు. "ఏసీ గదిలో కూర్చోబెట్టి, దుమ్ము పడకుండా తుడిపిస్తూ, దాని సేవకి ఒక మనిషిని పెట్టి... తొంభై పాళ్లు ఖాళీయా!"

ఆ మనిషిని నేనే కదా! "అది కాదు సార్, ఫైరింజన్ ఉంటుంది చూడండి. రోజంతా షెడ్డులోనే ఉంటుంది. ఖాళీగా ఉందని దాని చేత ఇటుకలు మోయిస్తామా?"

"ఫైరింజన్ నాది కాదుగా" అన్నారు.

గీత పట్టుకుని వెనక్కొచ్చేశాను.

మర్నాడు ఇస్త్రీ హాలు గోడకి ఇంత టీవీ వచ్చింది. అందులో పొద్దస్తమానం సర్వర్ గీత. ఎందుకు సార్ అంటే, "పదిమందిలో పెడితే దానికి సిగ్గొస్తుంది" అన్నారు. సిగ్గు! ఇస్త్రీ అక్క ఆ టీవీ కింద నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "ఎవరి గుండెమ్మా ఇది? ఆగిపోయినట్టుందే" అంది. నేను వివరంగా చెప్పాను. పొట్ట పట్టుకుని నవ్వింది. "మాకూ పెట్టించు ఇలాంటిది. మా గీతలో తెల్లచుక్క కనిపిస్తే నా జీతం నీకిచ్చేస్తా" అంది.

ఆ రోజు నుంచి హాల్లో అందరూ ఈ పెట్టెని 'అల్లుడుగారు' అంటున్నారు. చల్లటి గదిలో కూర్చుంటుంది, పని చెయ్యదు, ఏమైనా అంటే అలుగుతుంది. "అల్లుడుగారు లేచారా? అల్లుడుగారికి ఎండ తగుల్తోందేమో చూడు!" ఇదీ వరస.

సారుకి నవ్వు రాలేదు. "దానికి పని చెప్పు" అన్నారు.

"ఏం పని సార్?"

"దుప్పట్లు లెక్కపెట్టమను."

"ఎప్పుడో పెట్టేసింది సార్."

"మళ్లీ పెట్టమను."

నవ్వకండమ్మగారూ! మీకు నవ్వులాటగా ఉంది. ఖాళీగా ఉన్నదాన్ని చూసుకునే మనిషి ఇంకెంత ఖాళీగా ఉండాలి అన్న ఆలోచన ఆయనకి వచ్చేలోపల రాసిచ్చేశాను ఆ ప్రోగ్రాం. ఉన్న దుప్పట్లన్నీ మొదటి నుంచి చివరిదాకా లెక్కపెడుతుంది. అవ్వగానే మళ్లీ మొదటి నుంచి. ఎన్నిసార్లు పెట్టినా అదే సంఖ్య వస్తుంది కదా? "సరిచూసుకోవడం మంచిదే" అన్నారు సారు. టీవీలో తెల్లరంగు మాయం. గీత పైకప్పుకి అంటుకుపోయింది. సారు దాని కింద చేతులు వెనక్కి కట్టుకుని పచార్లు చేస్తూ, ఇస్త్రీ వాళ్లతో, "చూశారా? అదీ పనంటే!" అంటారు. ఆవిర్లలో చెమటలు కక్కుతూ ఆ ఆడవాళ్లు పైకి చూసి, ఆయన్ని చూసి, మళ్లీ తల దించుకుని ఇస్త్రీ చేసుకునేవాళ్లు.

మరి అల్లుడుగారు లెక్కల్లో మునిగిపోతే స్కానర్లకి జవాబు చెప్పేదెవరు?

అక్కడ వచ్చింది చిక్కు. పెద్దాస్పత్రి ఆపరేషన్ గుడ్డలు ఇక్కడే ఆగిపోయాయి. ఉతికి, మరిగించి, మడతపెట్టి సిద్ధంగా ఉన్నాయి, కానీ స్కానర్ ఒప్పుకుంటేనే కదా వ్యాను ఎక్కేది! అక్కడి హెడ్ నర్సు ఫోను. "డాక్టర్‌గారు చేతులు కడుక్కుని, ఇలా పైకెత్తి పట్టుకుని నిలబడున్నారమ్మా. ఎంతసేపు నిలబడమంటావు? మీ వల్ల కాదంటే చెప్పు, వేరేవాళ్లని చూసుకుంటాం" అంది. ఆ ఆస్పత్రి పోతే ఈ ప్లాంటులో సగం మెషిన్లు ఆపేసుకోవడమే.

నేను హాల్లోకి పరిగెత్తాను. "సార్, లెక్కింపు ఆపాలి. సర్వర్ తట్టుకోలేకపోతోంది."

సారు గీత వైపు చూపించారు. "పాపం, అంత కష్టపడుతున్నదాన్ని ఆపమంటావేంటి? మనసెలా వచ్చింది నీకు?"

జాలమ్మా! జాలి మొదలైంది దానిమీద. ఆయన అటు తిరిగిన క్షణంలో ఆపేశాను. గుడ్డలు కదిలాయి, వ్యాను వెళ్లింది, డాక్టరు చేతులు దించుకోకుండానే అందాయి. కానీ టీవీలో గీత ఒక్కసారిగా కిందకి పడిపోయింది కదా? సారు రొప్పుతూ ఈ గదిలోకొచ్చి పడ్డారు. "ఏమైంది? పోయిందా?" అని.

పోలేదు సార్, విశ్రాంతి తీసుకుంటోందన్నాను. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. హెడ్ నర్సు మాట చెప్పాను. ఆస్పత్రి అనేసరికి విన్నారు. సరే, లెక్కింపు వద్దన్నారు. హమ్మయ్య అనుకున్నానా? అప్పుడు ఇంకోటి అందుకున్నారు.

"పది నిమిషాలకోసారి చూస్తున్నావు. మధ్యలో ఏం చేస్తోందో మనకెలా తెలుస్తుంది? మనం చూసేటప్పటికి లేచి కూర్చుంటోందేమో! క్షణక్షణం చూడు."

చూశాను. క్షణానికోసారి. బుర్ర, మెమరీ, డిస్కు, వైర్లలో పోయే సమాచారం, లోపలి వేడి, ఫ్యాన్లు ఎన్నిసార్లు తిరిగాయి, అన్నీ. పాతవి చెరిపెయ్యడానికి కూడా ఒప్పుకోలేదు. "దాని కష్టం చెరిపేస్తావా?" అన్నారు. ఆ తర్వాత ఒకరోజు, భోజనం చేస్తూ చేస్తూ ఆగి, "ఈ లెక్కలు తీసే ప్రోగ్రాం ఖాళీగా ఉంటోందా లేదా అన్నది ఎవరు చూస్తున్నారు?" అన్నారు. దానిమీద ఇంకోటి పెట్టాను. పెట్టకపోతే ఊరుకుంటారా? దానిమీద ఇంకోటి అడుగుతారేమోనని రెండోది కూడా ముందే పెట్టేశాను.

ఏం జరుగుతుంది చెప్పండి! డిస్కు నిండిపోయింది. దుప్పట్ల వివరాలతో కాదు. తనెంత పని చేస్తోందో ఆ వివరాలతో. చివరికి ఈ పెట్టె చేస్తున్న పని ఏంటయ్యా అంటే, తను చేస్తున్న పని రాసుకోవడం. రాసుకుని రాసుకుని, ఒక పొద్దున్న వ్యాన్లన్నీ వరసగా నిలబడి ఉండగా చేతులెత్తేసింది.

ఆ రోజు మీకు గుర్తుండే ఉంటుంది. సారు చొక్కా నిండా మరకలతో వచ్చారు చూడండి ఇంటికి. ఆ, ఆ రోజే.

హాలు నిండా గుడ్డల గుట్టలు. ఏది ఎవరిదో ఎవరికీ తెలీదు. నేను ఇక్కడ నేలమీద కూర్చుని గంటలకొద్దీ ఆ చెత్తంతా చెరుపుతూ, మధ్యమధ్యలో హాలు వైపున్న కిటికీ అద్దంలోంచి చూస్తున్నాను. సారు కోటు విప్పి అవతల పడేశారు. బల్లమీదకెక్కి నిలబడ్డారు! "నీలం అంచువి పెద్దాస్పత్రికి! ఆ మందంవి హోటల్‌కి! ఒరేయ్, అది కాదురా, దాని పక్కది!" అని ఏం గొంతమ్మా అది! ఇస్త్రీ అక్కే నోరు మూసుకుని ఆయన చెప్పినట్టు మోసింది. భోజనం లేదు, టీ లేదు, టీవీ వైపు చూడ్డం లేదు.

సగం తప్పు. అబద్ధమెందుకు, సగానికి పైగా తప్పే. హోటల్‌కి ఆస్పత్రి పచ్చ గౌన్లు వెళ్లాయి. ప్రసూతి ఆస్పత్రికి హోటల్ వాళ్ల పట్టు గలీబులు వెళ్లాయి. మర్నాడు హోటల్ మేనేజర్ ఫోన్ చేస్తే తిడతాడనుకుని చెవికి దూరంగా పెట్టుకున్నాను. "ఆ పచ్చవి ఇంకొన్ని పంపుతారా? వెనక ముడి వేసుకునేవి. గాలి బాగా ఆడుతోందట, దిగినవాళ్లలో ఇద్దరు ముగ్గురు వదలట్లేదు" అన్నాడు. ప్రసూతి ఆస్పత్రిలో ఒక అమ్మమ్మగారు బిడ్డని చుట్టిన గుడ్డమీద హోటల్ పేరు చూసి, గది అద్దె విడిగా వేస్తారేమోనని నర్సుతో గొడవ పెట్టుకుందట.

పెద్దాస్పత్రికి మాత్రం అన్నీ సరిగ్గా వెళ్లాయి. అదెలాగో నాకిప్పటికీ తెలీదు. సారుని అడిగితే, "నీలం అంచు" అంటారు.

సరే, సర్వర్ బాగైంది. అన్నీ యథాప్రకారం. ఏ గుడ్డ ఎవరిదో మళ్లీ దీనికి తెలుసు. ఆ మర్నాడు సారు ఇక్కడికొచ్చారు. మీరు కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నారు. కోటు వేసుకుని, తల దువ్వుకుని, శుభ్రంగా.

"ఒకటి అడగనా?" అన్నారు.

"అడగండి సార్."

"ఇది నా మీద పెడితే ఏం చూపిస్తుంది?"

ఆయన రోజెలా గడుస్తుందో నాకు తెలుసు కదమ్మగారూ. పొద్దున్నే వస్తారు. గేటు దగ్గర వ్యాన్లు ఆయన కోసం ఆగవు. ఏది ఎటు పోవాలో ఎవరూ ఆయన్ని అడగరు. హాల్లో నడుస్తారు, ఎవరి పని వాళ్లు చేసుకుంటుంటే చూస్తారు. ఏదో ఒక అబద్ధం చెబుదామంటే నా మొహంలోకే చూస్తున్నారు.

"ఇది మనుషుల మీద పని చెయ్యదు సార్" అన్నాను.

"బతికిపోయాను" అన్నారు. అని లేచి వెళ్లిపోయారు.

కళ్లు తుడుచుకోండి. ఇక్కడ టిష్యూలు లేవు, ఈ దిండు గలీబు శుభ్రమైనదే.

అందుకని, ఇప్పుడు చెప్పేది మనసులో పెట్టుకోండి. అసలు లెక్కలు మళ్లీ పది నిమిషాలకోసారే తీయిస్తున్నాను. పాతవి వాటంతటవే చెరిగిపోతాయి. అవి నా దగ్గరే ఉంటాయి, నేనే చూసుకుంటాను. ఆ టీవీలో కనిపించే గీత ఉందే, అది సర్వర్‌ది కాదు. అది నేను గీస్తున్నాను. పైకీ కిందకీ కాస్త ఊగేలా, చూడ్డానికి బాగుండేలా.

ఇంకా ఉంది. పాడైపోయిన పాత వాషింగ్ మెషిన్ ఒకటి వెనక పడి ఉంటే, దాని ఆకుపచ్చ బటన్ ఊడబెరికి, ఒక చెక్కపెట్టెకి బిగించి, టీవీ కింద బల్లమీద పెట్టాను. "సార్, ఒక్కోసారి సర్వర్ సొమ్మసిల్లుతోంది. గీత పడిపోయినప్పుడు ఎవరో ఒకరు చూసి ఇది నొక్కాలి. తెలిసినవాళ్లే నొక్కాలి. ఇస్త్రీ వాళ్లకి అప్పజెప్పలేను" అన్నాను. సారు కుర్చీ తెచ్చుకుని దాని పక్కన వేసుకున్నారు.

నేను ఇక్కణ్నుంచి గీత పడేస్తాను. ఆయన నొక్కుతారు. నేను అద్దంలోంచి చూసి లేపుతాను. ఆ బటన్ వెనక వైరు లేదమ్మగారూ.

ఏం చెయ్యమంటారు? కోప్పడండి. ప్లాంటుకి సెలవైన రోజు ఇక్కడ గీత ఉండదు, బటన్ ఉండదు, అందుకే మీ వంటింట్లో కూర్చుంటున్నారు. అది నాకు తట్టలేదు. మోసమంటారా, మోసమే. ఆయనకి చెప్పాలంటే మీరే చెప్పండి. నావల్ల కాదు.

అయ్యో! అటు చూడండి, అద్దంలోంచి. నొక్కుతూనే ఉన్నారు పాపం! మీరు గేటు దగ్గర దిగడం చూసి, ఆయన కాసేపు ఇటు రాకుండా ఉండాలని నేనే పడేశాను. మాటల్లో పడి మర్చిపోయాను. ఎప్పుడూ ఇంతసేపు ఉంచను. చూడండి, రెండు చేతులతో నొక్కుతున్నారు. ఇస్త్రీ అక్క కూడా ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి వెళ్లి నిలబడింది.

నా చెయ్యి అందట్లేదు, మీరే నొక్కండి. కీబోర్డు మీద ఈ మీట. పొడుగ్గా ఉందే, అదే. భయపడకండి, దుప్పట్లకేం కాదు. నొక్కండమ్మా!

ఆ.

లేస్తోంది. చూశారా? ఇప్పుడు చూడండి ఆయన్ని. టీవీ వైపు... ఆ. కూర్చున్నారు. చొక్కా సర్దుకుంటున్నారు. ఇస్త్రీ అక్కకి ఏదో వివరిస్తున్నారు, వేలు పెట్టి గీత చూపిస్తూ. ఆవిడ కళ్లింత చేసుకుని తలాడిస్తోంది. ఆవిడకి తెలుసమ్మా. వైరు లేదని హాల్లో అందరికీ తెలుసు.

ఏంటమ్మగారూ?

మళ్లీ పడెయ్యమంటారా? ఆయన లేపుతుంటే ఇంకోసారి చూస్తారా? ఇప్పుడేనా?

పడేస్తాను. నాదేం పోయింది.